రంగులు నోట్లకే పోతయి

సిద్దిపేట

బిడ్డా,

నీ ఉత్తరం చేరింది. బుడ్డోనికి లోకమంతా చూపియ్యాలని ఏదో పెట్టె తెప్పించిన్నని రాసినవ్. వారానికొక దేశమట, చేతులకు రంగులు పూసి జపాన్ చేపలు, మెక్సికో పూలు అద్దిపిస్తున్నవట. మంచిదే. కానీ మీ అమ్మ ఫోన్‌ల ఇంకో ముచ్చట చెప్పింది. వెనక రూముల పిల్లలు ఆడుకోను వస్తే తలుపేస్తున్నవట, వాళ్ళ మాటలు పడి పిల్లగాని తెలుగు ఖరాబైతదని. దానికి తర్వాత వస్త. ముందుగాల రంగులు.

ఆ పెట్టె మీద ఏం రాసి ఉన్నదో చదివినవా? రెండేండ్ల పిల్లలు కంటితోని చూసేది తక్కువ, నోటితోని చూసేది ఎక్కువ. బొంతపల్లి అంగన్‌వాడీల సుద్దముక్క నుంచి చెప్పు పట్టీ దాకా అన్నీ పిల్లల నోట్లకెళ్ళి తీసినదాన్ని, నాకు చెప్పకు. నీళ్ళల్ల ఉబ్బే రంగు గోలీలు గూడ ఉన్నయన్నవ్. అవి ఇయ్యాల్నే పారెయ్యి. ఒక్కటి మింగినా పేగుల్ల ఉబ్బి అడ్డం పడొచ్చు, ఎక్స్‌రేల గూడ కనపడది. అమెరికాల పెద్ద దుకాణాలే 2023 ఆఖరుల వాటిని పిల్లల ఆటవస్తువుగ అమ్ముడు బంద్ చేస్తమన్నయి. తళుకుల పొడి గూడ వద్దు.

వాడు సరిగ్గ తింటున్నడా? నువ్వు తింటున్నవా?

పసుపు వాడుతనంటవు. వాడు, కానీ విడిగ అమ్మే పొడి కాదు. నిగనిగలాడాలని లెడ్ క్రోమేట్ కలిపేటోళ్ళున్నరు, అందుల ఉండే సీసం పిల్లల మెదడునే పట్టుకుంటది. నిజామాబాద్ కొమ్ములు తెచ్చి నీ కండ్లముందర పట్టించుకో. పసుపుల సున్నం కలిపితే ఎర్రగయితదని నీకు చిన్నప్పటి నుంచి సంబురం. సున్నం కంట్ల పడితే చూపుకే మోసం, వాడు పెద్దగయ్యేదాకా ఆ ముచ్చట మర్చిపో. ఎరుపుకు బీట్‌రూట్ ఉన్నది, పచ్చకు పాలకూర ఉన్నది. నీలం లేకుంటే ఏమైతది?

మా చిన్నప్పుడు హోలీకి మోదుగుపూలే. నర్సాపూర్ అడివికెళ్ళి గంపలకు గంపలు వచ్చేటివి, కాగుల ఉడకబెడితే నీళ్ళు కాషాయం తిరిగేటివి. బతుకమ్మకు గునుగుపూలకద్దే రంగు మాత్రం అంగట్ల పొడి. దసరా పోయినా మా చేతులు గులాబీగనే ఉండేటివి. ఆ చేతులతోని తినొద్దని మా అమ్మ మమ్మల్ని వరుసగ కూసోబెట్టి బువ్వ కలిపి నోట్ల పెట్టేది. నేను పెండ్లీడుకొచ్చినంక గూడ కావాలని ఎక్కువ రంగు పూసుకునేదాన్ని. ఎక్కడికో పోయిన.

ఇగ తలుపు సంగతి. నీ వెనక వరుసల ఒరిస్సావాళ్ళు, బీహార్‌వాళ్ళు ఉన్నరు గద, కంపెనీలల్ల షిఫ్టులు చేసుకుంట. ఇప్పుడు మార్గశిరం. గురువారం పొద్దుగాల ఆ ఒరియా ఆమె గడప చూడు. నానిన బియ్యం నూరి, నీళ్ళు కలిపి, వేళ్ళతోని లక్ష్మి పాదాలు, వరి కంకులు వేస్తది. ఝోటి అంటరు. పిల్లగాడు నాకినా కడుపులకు పోయేది బియ్యమే! ఆ గురువారాలు వాళ్ళు చదివేది బలరామదాసు లక్ష్మీపురాణం. అందుల లక్ష్మి పొద్దుగాల్నే తిరుక్కుంట ఊరవతల శ్రియా అనే చండాలస్త్రీ వాకిలి అలికి ముగ్గు పెట్టింది చూసి ఆ ఇంట్లకు పోతది. అట్ల పోయినందుకు తన అన్న చెప్పిన మాట విని జగన్నాథుడు ఆమెను వెళ్ళగొడ్తడు. తర్వాత అన్నదమ్ములిద్దరూ బుక్కెడు బువ్వకు తిరిగి తిరిగి ఆమె గుమ్మం ముందరికే వస్తరు. అమ్మమ్మ పురాణం మొదలుపెట్టిందని నవ్వకు.

బీహార్‌వాళ్ళయితే ఛఠ్‌కు గోధుమపిండిల బెల్లం కలిపి చెక్క అచ్చుల ఒత్తి ఠేకువా చేస్తరు. పండుగ అయిపోయింది గనుక అచ్చు ఖాళీగనే ఉంటది, అడిగితే ఇస్తరు. బుడ్డోని చేతికి పిండిముద్ద ఇచ్చి ఒత్తిపియ్యి. ఆ పెట్టెల ఇంత మంచి ఆట ఉంటదా? తెలుగు గురించి రంది వద్దు. అంగన్‌వాడీల నా పిల్లలు రెండు మాటలు కలిపి మాట్లాడి, బడికి పోయే యాల్లకు దేనికది విడదీసుకున్నరు.

ఇక్కడ దగ్గర్నే చేర్యాలల నకాషీవాళ్ళు రంపపు పొట్టుల చింతగింజల ముద్ద కలిపి మాస్కులు చేస్తరు. బుడ్డోడు ఆడుకోను నీకు పొట్టు వద్దు, ముద్ద చాలు. గింజలు వేయించి, తోలు తీసి, మెత్తగ పొడి కొట్టి మీ మామతోని పంపుతున్న. గింజలు పంపుతలేను, వాని గొంతుల పడ్తయని. నీళ్ళల్ల ఉడకబెట్టి, పూర్తిగ సల్లారినంకనే ఇయ్యి.

ఈ గురువారం ఆమె ముగ్గు పెట్టే యాల్లకు వాన్ని ఎత్తుకొని పో. గిన్నెడు బియ్యప్పిండి పట్టుకపో, పాత అంగీ తొడుగు.

మీ చిన్నమ్మమ్మ