దేవదారు - చినారు

శ్రీనగరములో నూతనముగా గృహము కట్టుకొన్నవారికి ఇంటి చుట్టును కొంత నేల మిగిలినచో, అందు ఏ చెట్టు నాటవలెనను ప్రశ్న తప్పక కలుగును. ఆ నగరమున నిలిచి ఎటు చూచినను రెండు వృక్షములు కన్నులకు కట్టును. కొండల వాలులయందు ముదురుపచ్చని గోపురములవలె నిలిచినవి దేవదారులు. సరస్సుల గట్టులందును, మొగలుల నాటి తోటలందును పెద్ద గొడుగులవలె విచ్చుకొన్నవి చినారులు. రెండును అందమైనవే, రెండును వందల యేండ్లు బ్రదుకునవే. అందుచేత ఏదైన నేమియని, చేతికందిన మొక్కను దొరకిన చోట పాతువారు కలరు. ఇరువది ముప్పది యేండ్లు గడచినగాని దాని ఫలితము తెలియరాదు. అప్పటికి చెట్టును కదల్చుట ఎవరి తరమును కాదు.

దేవదారు పేరు తెలుగు విద్యార్థులకు క్రొత్తది కాదు. కాళిదాసు రఘువంశము రెండవ సర్గములో ఈ వృక్షపు కథ యొకటి యున్నది. పార్వతీదేవి ఒక దేవదారు మొక్కకు నీరు పోసి కన్నబిడ్డవలె పెంచినది. ఒకనాడు అడవి యేనుగు దురద తీర్చుకొనుటకై దానిని ఒరసికొనగా బెరడు ఊడిపోయినది. దేవి దుఃఖమును చూచి శివుడు ఆ చెట్టునకు ఒక సింహమును కావలి యుంచెను. దిలీపుడు కాచుచున్న ధేనువును పట్టుకొన్నది ఆ సింహమే. పేరు ఇంత పరిచితమైనను చెట్టు మాత్రము మన ప్రాంతమువారికి అపరిచితమే. బెంగాలులో వీథుల ప్రక్క నాటెడు నరమామిడిని దేవదారు అని పిలుతురు. అది వేరొక జాతి. నిజమైన దేవదారు హిమాలయములలో సుమారు 1,500 మీటర్లు మొదలు 3,200 మీటర్ల వరకు గల యెత్తులలో పెరుగును. మంచి నేలలో అది 40, 50 మీటర్ల పొడవు ఎదుగును. దాని ఆకులు మూడు నుండి ఐదు సెంటీమీటర్ల సూదులు. పొట్టి రెమ్మల చివరల ఇరువది ముప్పదేసి గుత్తులుగా నుండును. విత్తనములు కాయలలో గాక, చెక్కపొలుసులు పేర్చినట్లుండు శంకువులలో ఏర్పడును. ఇట్టి వృక్షములను శంకుధారులందురు.

మన తీరప్రాంతపు సరుగుడు తోటలను చూచినవారు సరుగుడును కూడ ఈ తెగలో చేర్చుట కద్దు. అది పొరపాటు. సరుగుడు పూచెడు చెట్టు. మనము సూదులనుకొనునవి దాని ఆకులు కావు. కణుపులు కణుపులుగా నున్న సన్నని రెమ్మలు. అసలు ఆకులు ఆ కణుపులకడ కంటికానని పొలుసులై యున్నవి.

చినారు వేరు వంశమునకు చెందినది. దాని ఆకు ఆముదపు ఆకువలె చీలికలు కలిగి, అరచేయంత వెడల్పుగ నుండును. కాశ్మీరీ భాషలో దీనిని బూని యందురు. పర్షియా మొదలు బాల్కను దేశముల వరకు ఈ చెట్టు సహజముగ పెరుగును. మొగలు చక్రవర్తులు దీనిని కాశ్మీరమున విరివిగా నాటించిరి. కాని వారికంటె ముందే అది అచ్చట నుండెను. బడ్గాము జిల్లా ఛత్తరగాములోని చినారు 1374లో నాటబడినదని ప్రతీతి. లోన తొఱ్ఱపడిన ఒక పెద్ద చినారులో తాము గుఱ్ఱములతో సహా ప్రవేశించినట్లు జహంగీరు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను.

వడ్రంగులు చినారును గట్టికఱ్ఱ యందురు. దేవదారును మెత్తకఱ్ఱ యందురు. ఈ పేర్లను మాటకు మాటగా నమ్మరాదు. వెడల్పాకు చెట్ల కఱ్ఱలో నీరు ప్రవహించుటకు ప్రత్యేకమైన నాళములుండును. శంకుధారులలో అవి యుండవు. ఈ భేదమును బట్టి వచ్చినవే ఆ రెండు పేర్లు. మెత్తకఱ్ఱ యనబడు దేవదారు తనలోని నూనెవలన చెదకును, తడికిని లొంగదు. శ్రీనగరములోని జామా మసీదును మోయుచున్నవి 370కి పైగా దేవదారు స్తంభములే. జీలం నదిపై పూర్వము వంతెనలకు ఆధారముగా నిలిపినవియు దేవదారు దుంగలే.

అయితే తోట వేయువానికి కఱ్ఱకంటె ఆకు ముఖ్యము. చినారు ఆకు ఒక్క వేసవికొఱకే పుట్టినది. అక్టోబరులో పగలు తగ్గి చలి ముదిరినప్పుడు చెట్టు ఆకులలోని పత్రహరితమును విచ్ఛిన్నము చేసి, అందలి సారమును కొమ్మలలోనికి లాగుకొనును. అదివరకు ఆకుపచ్చదనము చాటున నున్న పసుపు వర్ణము బయటపడును. ఎఱ్ఱని వర్ణము క్రొత్తగా ఏర్పడును. పిమ్మట కాడ మొదట ఒక పొర ఏర్పడి, ఆకు తెగి రాలును. నవంబరు చివరకు చెట్టు బోడిదగును. దేవదారు సూదులు అట్లు కాదు. అవి సన్ననివి, మైనపుపూత కలవి. నేల గడ్డకట్టి వేరులకు నీరందని కాలములో కూడ అవి తమలోని తేమను జారవిడువవు. సతతహరితమనగా ఆకు రాలనిదని కొందరు తలతురు. సూదులును రాలును; కాని ఒక్కొక్కటి రెండు మూడేండ్లుండి, పాతవి రాలునప్పటికి క్రొత్తవి వచ్చియుండును. కావున చెట్టు ఎన్నడును బోడిగా కనబడదు.

ఈ ఒక్క భేదమే ఇంటివారి సుఖదుఃఖములను నిర్ణయించును. శ్రీనగరము సుమారు 34 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. జూన్ 21వ తేదీ మిట్టమధ్యాహ్నమున సూర్యుడు అచ్చట దిక్చక్రమునుండి సుమారు 79 డిగ్రీల యెత్తున నుండును. డిసెంబరు 21వ తేదీన 32 డిగ్రీల యెత్తునకు మించి ఎక్కడు. ఇరువది మీటర్ల చెట్టు నీడ ఆ జూన్ మధ్యాహ్నము నాలుగు మీటర్లకు లోపుగా నుండును; డిసెంబరు మధ్యాహ్నము ముప్పది మీటర్లు దాటి ఉత్తరమునకు సాగును. అనగా ఇంటికి దక్షిణమున ఇరువది ముప్పది మీటర్ల దూరమున నున్న దేవదారు కూడ, ఎండ అమృతమువలె తోచు చలిదినములలో గోడలను, కిటికీలను కప్పివేయును. డిసెంబరు 21 నుండి జనవరి 30 వరకు గల నలువది దినములను కాశ్మీరులు చిల్లై కలాన్ అందురు. ఆ చలిలో దేవదారు నీడ పడిన మెట్లపై మంచు కరగక, అద్దమువలె గట్టిపడును. వృద్ధులు, పిల్లలు జారిపడుట అట్టి చోటులనే. అదే తావున చినారున్నచో, కొమ్మల వలలో కొంత వెలుగు చిక్కుకొన్నను అధికభాగము ఇంటిని చేరును. వేసవిలో మరల ఆ చెట్టే పడమటి యెండను ఆపి, ఇంటిని చల్లగా నుంచును. కావున చినారునకు దక్షిణమును, నైరృతియును తగిన దిక్కులు. దేవదారునకు ఉత్తరము తగినది. అచ్చట దాని నీడ ఇంటిపై పడదు. చలిగాలి వచ్చు దిక్కు కూడ అదియే యైనచో, ఏడాది పొడుగున అది గోడవలె నిలిచి గాలిని ఆపును.

ఈ లెక్క కాశ్మీరమునకే సరిపోవును. తెలుగునాట బూరుగు, మోదుగ, టేకు మున్నగునవియు ఆకురాల్చు చెట్లే. కాని అవి ఆకు విడుచునది చలికి భయపడి కాదు, నీటి కొఱతకు. కావున ఎండలు ముదురుచున్నప్పుడే, నీడ మిక్కిలి కావలసిన దినములలోనే, అవి బోడిగా నిలుచును. ఉగాదినాటికి చిగిర్చి నిండు నీడనిచ్చు వేపను మన పెద్దలు ముంగిటనుంచుకొనుట ఊరక జరుగలేదు.

మంచు బరువు మరియొక విషయము. దేవదారు కొమ్మల కొనలు క్రిందికి వ్రేలాడుచుండును; మంచు పేరుకొన్నకొలది కొమ్మ వంగి, దానిని జారవిడుచును. బోడియైన చినారుపై మంచు నిలుచుటకు చోటే లేదు. ఆకురాల్చు చెట్లకు ప్రమాదమెల్ల, ఆకులు రాలకముందే మంచు కురియుటలో నున్నది. 2018 నవంబరు 3వ తేదీనను, 2019 నవంబరు 7వ తేదీనను కాశ్మీరమున అట్లే కురిసినది. ఆకులతో నున్న ఆపిలు చెట్లు ఆ బరువునకు కొమ్మలు విరిగి, కొన్ని నిలువునా చీలిపోయినవి. ఎన్నో కుటుంబములు పలు సంవత్సరముల శ్రమను ఒక్క రాత్రిలో కోల్పోయినవి.

నేల విషయమున చినారు తేమను కోరును. నదులు, కాలువల గట్టులు దానికి పుట్టినిండ్లు. దేవదారు నీరు నిలిచెడు పల్లములో బ్రదుకదు. వాలు నేలయో, నీరింకిపోవు మట్టియో కావలెను. దేవదారు క్రింద నిత్యము నీడయే గనుక పచ్చిక సరిగా పెరుగదు. చినారు ఆకులు శరత్తులో కుప్పలు కుప్పలుగ పడి, ఊడ్చువారికి పని పెంచుననుట నిజమే. కాని కాశ్మీరపు గృహిణులు ఆ ఆకులను ప్రోగుచేసి, నిప్పంటించి, నీరు చిలుకరించి బొగ్గు చేయుదురు. వెదురువంటి సన్నని పుల్లల బుట్టలో మట్టి కుండనుంచి చేసిన కాంగ్రీ యను చిన్న కుంపటిలో ఆ బొగ్గు వేసికొని, పొడవైన అంగీ క్రింద పట్టుకొని చలి కాచుకొందురు. వేసవిలో చల్లదనమిచ్చిన ఆకే శీతకాలములో వెచ్చదనమిచ్చుచున్నది. అయితే ఆకులు కాల్చు పొగ నగరపు గాలిని చెఱచుచున్నదను ఆక్షేపణయు లేకపోలేదు.

చినారుతో వచ్చు పెద్ద చిక్కు దాని విస్తీర్ణము. వయసు వచ్చిన చెట్టు కొమ్మలు ఇరువది మీటర్లకు మించి పరచుకొనును. గోడకు పదిహేను మీటర్ల లోపున దానిని నాటుట అవివేకము. తరువాత పశ్చాత్తాపపడి కొట్టివేయుదమన్నను సులభము కాదు. 1969లో చేయబడిన చట్టము చినారును రక్షింపదగిన వృక్షములలో చేర్చినది. సొంత పెరటిలోనిదైనను అనుమతి లేక కొట్టరాదు. ఈ కట్టుబాటు కఠినమని కొందరందురు. కాని రోడ్లు వెడల్పు చేయుటలోను, కట్టడములు కట్టుటలోను అనేక ప్రాచీన చినారులు నేలకూలిన పిమ్మట, మిగిలినవానిని కాపాడుకొనుటకు వేరు మార్గమేది? 2025 నాటికి 28,000కు పైగా చినారులను లెక్కించి, ఒక్కొక్కదానికి ఒక సంఖ్య నిచ్చి, అది ఉన్న చోటును నమోదు చేసిరి.

నగరములో నేడు అమ్మబడుచున్న చిన్న యింటి స్థలములకు, నిజము చెప్పవలెనన్న, ఈ రెండును తగవు. అట్టి చోట చెఱియో, జల్దరువో మేలు. అవియు ఆకురాల్చునవే, పండ్లును ఇచ్చును. చినారునకు పాఠశాల ఆవరణ, ఊరి ఉమ్మడి నేల, కాలువ గట్టు తగిన తావులు. మార్చి నెలలో చిగురు వేయకముందు మొక్కను నాటి, మొదటి రెండు మూడు వేసవులు నీరు పోసి, పశువులు మేయకుండ కంచె కట్టవలెను. దేవదారు మొక్కను వేరుల మట్టి రాలకుండ ఎత్తి నాటవలెను. దాని నడిమి కొనను మాత్రము ఎన్నడును త్రుంపరాదు. త్రుంచినచో గోపురమువంటి ఆ రూపము మరల రాదు.

దాల్ సరస్సు పడమటి గట్టున నసీం బాగు అను తోట కలదు. అందు షాజహాను 1,200 చినారులను నాటించెనని చెప్పుదురు. ఆ తోట నేడు కాశ్మీర విశ్వవిద్యాలయ ఆవరణలో నున్నది. మిగిలిన ముదిచెట్ల నడుమ కొన్ని లేతమొక్కలును నాటబడినవి. నవంబరులో రాలిన ఎఱ్ఱని ఆకులను త్రొక్కుచు విద్యార్థులు తరగతులకు పోవుచుందురు.