కొయ్య ఉంగరము – నీటి జాగ్రత్త

పఠన భాగము: ఆదికాండము 6:13–22



ఈ నెల పాఠము మిక్కిలి చిన్న వస్తువును గూర్చినది. అది పెండ్లినాడు వ్రేలికి తొడుగు కొయ్య ఉంగరము. ఇంత చిన్నదానికి పాఠమెందుకని అనుకొనవద్దు. దీనివలన మన సంఘములో ఒక ఇంట కన్నీరు కారినది. అందులో నా తప్పును కొంత యున్నది.

మన సంఘములలో కొందరు మంగళసూత్రము కట్టుదురు, కొందరు ఉంగరములు మార్చుకొందురు, కొందరు రెండును చేయుదురు. బంగారము కొనలేకయో, కొయ్య అందమును మెచ్చియో, ఈ మధ్య కొందరు యౌవనులు కొయ్య ఉంగరములు కోరుచున్నారు. ఇందులో దోషమేమియు లేదు. అయితే మనది నీటి సీమ. పులిగడ్డయొద్ద కృష్ణానది పాయలుగా చీలి, దివిసీమను చుట్టుకొని సముద్రమున కలియుచున్నది. కాలువ, వరిచేను, చేపల చెరువు, ఉప్పుటేరు – తెల్లవారినది మొదలు మన చేతులు తడిలోనే యుండును. కనుక ఇచ్చట కొయ్య ఉంగరము తొడుగువాడు కొయ్య స్వభావమును ఎరిగియుండవలెను.

జరిగిన సంగతి

ఒక సాయంకాలము క్రొత్తగా పెండ్లియైన ఒక చెల్లి మా యింటికి వచ్చి, కొంగున ముడివేసిన ఉంగరమును తీసి నా చేతిలో పెట్టెను. అది భర్త ఉంగరము. అడ్డముగా బీటలు వారియున్నది. బీట కనబడకుండ దారము చుట్టి, రెండు వారములు ఇంటివారికి తెలియకుండ దాచినదట. “అయ్యగారూ, ఇది మాకు కీడుకేనా?” అని ఏడ్చెను.

నేను నెమ్మదిగా విచారించితిని. ఆమె భర్త రొయ్యల చెరువులో పనిచేయును. మొదట అతడు పనికి పోవునప్పుడు ఉంగరము తీసి ఇంట పెట్టుచుండెను. నాయనమ్మ చూచి, “పెండ్లి ఉంగరము తీయకూడదురా, ఇంటికి అరిష్టము” అని గద్దించెను. అంతట అతడు తీయుట మానెను. పగలంతయు చెరువు నీరు, చెరువులో చల్లు బ్లీచింగు పొడి. రాత్రి తడిసిన ఉంగరమును ఆరుటకై పొయ్యి గట్టుమీద పెట్టుట. ఉంగరము మూడు నెలలు నిలువలేదు.

చూచితిరా! తీసినందున అది పగులలేదు. తీయుటకు భయపడినందున పగిలినది. ఆ ఉంగరముమీద ప్రార్థన చేసినవాడను నేనే. అయినను దానిని ఎట్లు కాపాడుకొనవలెనో ఆనాడు ఒక్క మాట చెప్పలేదు. ఆ కొరత తీర్చుటకే ఈ పాఠము.

1. కొయ్య నీటిని త్రాగును

వానాకాలమున తలుపు బిగిసిపోవును. ఎండాకాలమున అదే తలుపు సందు ఇచ్చును. కొయ్య బండ్లు తోలిన పెద్దలకు జ్ఞాపకముండును: వేసవిలో చక్రము ఎండి కుంచించుకొనగా ఇనుప పట్టా వదులగును. అప్పుడు చక్రమును చెరువులో నానవేసెడివారు. కొయ్య ఉబ్బి పట్టా మరల బిగిసెడిది.

చెట్టును నరికి ఎండబెట్టినను కొయ్యలోని నారకు దాహము తీరదు. ఎండు కొయ్య బరువులో సుమారు నూటికి 30 పాళ్లవరకు నీరు నారలోనికి ఇంకుచు, కొయ్యను ఉబ్బించును. ఆ ఉబ్బు నార పొడుగున బహు స్వల్పము, అడ్డముగా ఎక్కువ. త్వరగా ఆరునప్పుడు పైపొర ముందు కుంచించుకొనును, లోపలి పొర ఇంకను ఉబ్బియుండును. ఆ రెంటి పెనుగులాటలో బీట పుట్టును. కాబట్టి ఉంగరమునకు నీరెంత శత్రువో, తడిసిన వెంటనే తగులు ఎండయు పొయ్యి సెగయు అంత శత్రువులు.

ఉంగరములు రెండు విధములు. దిమ్మనుండి తొలిచినదానిలో నార ఒకే దిక్కున పోవును గనుక రెండు ప్రక్కల బలము తక్కువ, అక్కడనే విరుగును. పలుచని కొయ్యపొరలను వంచి, జిగురుతో చుట్టిచుట్టి చేసినదానిలో నార ఉంగరమంతట తిరిగియుండును గనుక అది గట్టిది. కొనునప్పుడు ఇది ఏ విధమైనదో అడిగి తెలిసికొనుడి. బంగారపు ఉంగరమువలె దీనిని సాగదీయుటకు వీలులేదు గనుక వ్రేలి కొలత సరిగా ఇయ్యుడి.

2. వెలుపలనే కాదు, లోపలను

నోవహు ఓడను కొయ్యతో కట్టినప్పుడు దేవుడు దానికి బయట మాత్రమే గాక లోపలను కీలు పూయుమని సెలవిచ్చెను. నీటిలో నిలువవలసిన కొయ్యకు రెండు ప్రక్కల కాపుదల కావలెను. మన తీరమున కొయ్య పడవల సందులను గుగ్గిలము, నూనె కలిపి పూడ్చుదురు. పెడనలో కలంకారీ అద్దకమునకు టేకు అచ్చులు వాడుదురు. అవి మాటిమాటికి తడిరంగులో పడునవి గనుక, క్రొత్త అచ్చును ముందుగా నూనెలో నానబెట్టుట అద్దకపు పనివారి పద్ధతి.

ఉంగరము వెలుపలి నునుపును అందరు చూతురు. అయితే చెమట, సబ్బు నురుగు నిలుచునది లోపలి ప్రక్కను. పూత ముందు అరుగునదియు అక్కడనే. కాబట్టి వారమునకొకసారి లోపలి ప్రక్కను చూడుడి. కాపురమును అట్టిదే. నలుగురి యెదుట మాటలాడు తీరు వెలుపలి పూత. తలుపు మూసికొన్న తరువాత మాటలాడు తీరు లోపలి పూత.

3. చేయవలసిన పనులు

(అ) స్నానము, బట్టలుదుకుట, అంట్లు తోముట, నాట్లు, చేపల పని – వీటికి ముందు ఉంగరము తీయుడి. చెరువు గట్టుమీదను, చొక్కా జేబులోను పెట్టక, ఇంటనే ఒక చిన్న డబ్బీలో, పొయ్యికిని ఎండకును దూరముగా ఉంచుడి.

(ఆ) పొరపాటున తడిసినయెడల వెంటనే తీసి, పొడిగుడ్డతో లోపల, వెలుపల అద్ది, నీడను గాలికి ఆరనిండు. పూర్తిగా ఆరువరకు తొడుగవద్దు. వ్రేలిని కూడ తుడుచుకొనుడి.

(ఇ) పూత నిలిచియున్నదో లేదో తెలిసికొనుటకు ఒక్క నీటిచుక్క వేయుడి. చుక్క ముత్యమువలె నిలిచిన మంచిది. పరచుకొని కొయ్య నల్లబారిన, పూత పోయినది. వెంటనే తుడిచివేయుడి.

(ఈ) నూనె పూతగల ఉంగరమునకు అవిసె నూనె ఒక్క చుక్క గుడ్డతో రుద్ది, కొంతసేపటికి మిగులును తుడిచి, కొన్ని దినములు ఆరనిండు. పైన పలుచగా తేనెమైనము రుద్దవచ్చును. కొబ్బరి నూనె వద్దు. అది గట్టిపడదు, జిడ్డై మురికి పట్టును. అవిసె నూనె తడిసిన గుడ్డను ఉండచేసి పడవేయవద్దు. దానంతట అది వేడెక్కి మండగలదు. విప్పి ఆరవేయుడి.

(ఉ) లక్క పూతకు నూనె అక్కరలేదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెనమీద త్రిప్పుచు లక్కను ఒత్తుదురు. రాపిడి వేడికి అది కరిగి అంటుకొనును. వేడికి అంటినది వేడికే మెత్తబడును గనుక మరిగిన నీళ్లు తగులనీయవద్దు. 2020 కరోనా కాలమునుండి మన ఇండ్లలోనికి వచ్చిన శానిటైజరులో సారాయము ఉండును. అది లక్కను కరగించును.

(ఊ) బీట వచ్చినయెడల దారము చుట్టి దాచవద్దు. పెళుసు వ్రేలికి గ్రుచ్చుకొనును. తీసివేసి, చేసిన పనివానికి చూపుడి.

4. పగిలిన ఉంగరము కీడుకు గురుతా?

కాదు. పెండ్లికి ఉంగరము తప్పక తొడుగవలెనని లేఖనములలో ఎచ్చటను ఆజ్ఞ లేదు. అది ప్రమాణమునకు గురుతు, ప్రమాణము కాదు. గురుతును పెట్టెలో పెట్టి చెరువులోనికి దిగిన భర్త తన ప్రమాణమును గట్టుమీద విడిచి దిగలేదు. తడిసి, వేడికి పగిలిన కొయ్యను చూచి కోడలిని నిందించుట అన్యాయము. ఆ చెల్లి రెండు వారములు ఒంటరిగా మోసిన భయము ఉంగరపు బీటకంటె పెద్దది. ఆ భయమును ఆమెమీద పెట్టినవారము మనమే.

నేను వారింటికి వెళ్లి ఈ మాటలే నాయనమ్మతోను చెప్పితిని. ఆమె చాలసేపు పలుకక, “నాకు తెలియక అంటిని, అయ్యగారూ” అనెను. ఇప్పుడు వారికి మరియొక ఉంగరము వచ్చినది. ఉదయమున అతడు పనికి పోవునప్పుడు భార్య చెయ్యి చాపును. అతడు తీసి ఇచ్చును. సాయంకాలము అతడు చేతులు కడిగి తుడుచుకొన్న తరువాత ఆమె దానిని తెచ్చి ఇచ్చును. డబ్బీని దాచుచున్నది నాయనమ్మయే.

ఇంటి కూటములలో ఆలోచించుటకు

1. మన యింట ఏ వస్తువు పగిలినప్పుడు, పోయినప్పుడు అరిష్టమని ఎవరినైన నిందించితిమా?
2. మన కాపురములో ఎవరికిని కనబడని లోపలి ప్రక్కను చూచుకొని ఎన్నాళ్లయినది?
3. మన యింటికి వచ్చిన కోడలు తన భయమును మనతో చెప్పుకొనగలదా?