ద్రాక్షగానుగ, మడ్డి, చిరక : ఈ మాటల అర్థమేమి?



కానా వివాహమును గూర్చి పాఠము చెప్పినప్పుడెల్ల మన గ్రామసంఘములలో ఒక వాదము లేచును. ప్రభువే ద్రాక్షారసము చేసెను గదా, మేము కల్లు త్రాగిన తప్పేమని ఒకరందురు. అది మత్తులేని పండ్లరసమే యని మరియొకరందురు. ఇరువురును ఒక్క మాటను పట్టుకొనుచున్నారు గాని ఆ మాట వెనుకనున్న పనిని చూచుట లేదు. ద్రాక్షతోట నెరుగని వారమగుటచేత ఇది వింత కాదు.

మొదట గానుగను చూతము. గానుగ అనగానే మనకు ఎద్దులు తిరుగు నూనెగానుగ తోచును. పూర్వము పాలస్తీనాలోని ద్రాక్షగానుగ అట్టిది కాదు. కొండరాతిలో వెడల్పైన తొట్టి యొకటి, దాని దిగువను లోతైన తొట్టి మరియొకటి తొలిచి, నడుమ కాలువ విడుతురు. పై తొట్టిలో పండ్లు పోసి వట్టి కాళ్లతో త్రొక్కగా రసము క్రిందికి దిగును. గిద్యోను గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుటను గూర్చి (న్యాయాధిపతులు 6:11) చదివి, అది ఎట్లు సాధ్యమని చిన్ననాడు మేమును తికమకపడితిమి. అది రాతిగుంట యని తెలిసిన పిమ్మట, శత్రువుల కంటబడకుండుటకు తగిన చోటే యనిపించినది.

అట్లు దిగిన రసము తీయనిది. అయితే కంటికి కనబడని సూక్ష్మజీవులు అందులోని తీపిని తిని, మత్తు కలిగించు ఆల్కహాలును బొగ్గుపులుసు వాయువును పుట్టించును. తాటిచెట్ల నడుమ నుండు వారికిది చెప్పనక్కరలేదు. లోపల సున్నము పూసిన కుండలో నీరా తీయగా నిలుచును. సున్నము లేనియెడల అదియే నురుగు కట్టి కల్లగును. తిత్తులను గూర్చిన ఉపమానము (మత్తయి 9:17) ఈ నురుగును గూర్చినదే. వాయువు ఉబ్బినప్పుడు క్రొత్త తోలు సాగును, ఎండిన పాత తోలు పిగులును.

పులియుట ముగిసినప్పుడు అడుగున దిగునది మడ్డి. దానిమీద తగినంత కాలము నిలిచిన రసము మంచి రుచి పొందును గనుక యెషయా 25:6లోని విందులో దానికి గౌరవము. కుండ మార్చక మరి యెక్కువగా నిలిపినది తన పాత వాసనను విడువదు; యిర్మీయా 48:11లో మోయాబును దానితోనే పోల్చిరి. ఇక గాలి తగిలి మరింత పులిసినది చిరక. రూతు రొట్టె ముంచుకొనినది చిరకలోనే. మద్యమనగా సారా యని తలంచువారు కలరు. హెబ్రీ భాషలో షేకార్ అనబడిన ఆ పానీయము ధాన్యముతోను ఖర్జూరములు మొదలగు పండ్లతోను పులియబెట్టినది. బట్టీ పెట్టి సారా దింపుట ఇశ్రాయేలీయులు ఎరుగరు.

మరి కానాలో నున్నది ఏది? హెబ్రీలో తీరోష్ అనునది క్రొత్త రసము, యాయిన్ అనునది ద్రాక్షారసమునకు సాధారణమైన పేరు. అయినను హోషేయ 4:11లో ఆ రెండును మతి చెరుపునవే. కనుక పేరును బట్టి మాత్రమే తీర్పు చెప్పలేము. అతిథులు త్రాగిన పిమ్మట నాసిరకము పోయుదురని విందు ప్రధాని యెరిగియుండుటనుబట్టి, ఆ దేశపు విందులలో నున్నది పులిసినదే యని మా అభిప్రాయము. పస్కా బల్లమీదిదియు అట్టిదే కావలెను. ద్రాక్షకోత వేసవి చివరను; పస్కా వసంతమున. అన్ని నెలలు పచ్చిరసము నిలుచుట అరుదు. కొరింథులో బల్లయొద్దనే కొందరు మత్తులైరి గదా (1 కొరింథీ 11:21).

ఇంత చెప్పినను కల్లుదుకాణమునకు పోవువానికి ఇందులో ఆధారము లేదు. సహోదరునికి అడ్డమగునెడల ద్రాక్షారసము మానుట మంచిదని పౌలు వ్రాసెను (రోమా 14:21). మేమెరిగిన యొక సహోదరుడు కల్లు మానిన పిమ్మట, గిన్నె తనయొద్దకు వచ్చినప్పుడు ఆ వాసనకు చేయి వణకి ప్రక్కవానికి అందించెను. ఆ ఆదివారము మేమెవరమును అతని నేమియు అడుగలేదు. అడిగియుండవలసినది.

అమెరికాలో థామస్ వెల్చ్ అను మెథడిస్టు దంతవైద్యుడు 1869లో, లూయీ పాశ్చరు చూపిన రీతిగా ద్రాక్షరసమును వేడిచేసి పులియకుండ నిలిపినది ప్రభువు బల్ల కొరకే. పల్లెలలో అంత పని అక్కరలేదు. ఎండుద్రాక్షలను కడిగి రాత్రి నానవేసి, ఉదయమున అదే నీటిలో మరిగించి, పిసికి, శుభ్రమైన గుడ్డతో వడియగట్టవలెను. ఆ దినమే వాడవలెను. నిలువయుంచిన అదియు నురుగు కట్టును.