తొడ వాచిందని తర్వాతి టీకా మానకండి

మూడున్నర నెలల బిడ్డకు పెంటావాలెంట్ మూడో డోసు వేయించుకొచ్చారు. సాయంత్రానికి తొడ ఎర్రబడి వాచింది. చెయ్యి తగిలితే చాలు, ఏడుపు. రాత్రంతా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ‘ఇంక ఈ సూదులు వద్దమ్మా’ అంటుంది నాయనమ్మ. 16-24 నెలల మధ్య డీపీటీ బూస్టర్ వేయించాల్సి వచ్చినప్పుడు ఆ రాత్రే గుర్తొస్తుంది.

ఆ భయం సహజమే. కానీ సూది వేసిన చోటనే వచ్చిన వాపు, కాస్త పెద్దదైనా, తర్వాతి డోసు మానడానికి కారణం కాదు. టీకాలోని కోరింత దగ్గు భాగానికీ, అందులో కలిపే అల్యూమినియం లవణానికీ శరీరం స్పందించడం వల్ల అది వస్తుంది. సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. నొప్పిలేని చిన్న గడ్డ కొన్ని వారాలు ఉండొచ్చు.

చేయవలసినవి

• వాపు అంచు వెంట పెన్నుతో గీత గీసి, పక్కన టైము రాయండి. వాపు గీత దాటిందో, తగ్గిందో మర్నాటికి తెలిసిపోతుంది.
• చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డ వేయండి. పారాసెటమాల్ బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పినంతే ఇవ్వండి.
• ఏ టీకా, ఏ తేదీ, వాపు ఎంత మేర, ఎన్నాళ్లు ఉంది అన్నవి టీకాల కార్డులో రాసుకోండి. తర్వాతి సూదికి ముందే ఏఎన్ఎంకు చూపించండి.
• టీకా వేయించాక అరగంట అక్కడే ఉండండి.
• తేదీ దాటిపోయినా వెళ్లండి. మొదటి నుంచి మళ్లీ వేయరు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు.

చేయకూడనివి

• సూది వేసిన చోట రుద్దకండి, వేడి కాపడం పెట్టకండి, పసుపో సున్నమో పూయకండి. గడ్డను పిండకండి.
• ‘ఈసారి సగం డోసే వేయండి’ అని అడగకండి. సగం డోసుతో సరైన రక్షణ రాదు.
• పెద్దలు గీరుకున్నప్పుడల్లా టీటీ వేయించుకోకండి. తరచూ వేయించుకుంటే భుజం నుంచి మోచేతి దాకా వాచే అవకాశం ఉంది. ఒకసారి అలా వాచినవారు పదేళ్లలోపు మళ్లీ వేయించుకునే ముందు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

• టీకా వేసిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి అందకపోవడం.
• ఫిట్స్, స్పృహ తప్పడం, ఒళ్లు వాలిపోవడం, మూడు గంటలకు పైగా ఆగని ఏడుపు.
• మూడు రోజుల తర్వాత కూడా వాపు పెరగడం, చీము పట్టడం.

వీటిలో ఏది కనిపించినా, తర్వాతి డోసు సంగతి డాక్టరే తేల్చాలి. ఇంట్లో తేల్చుకోకండి.

ఒక్క వాపు చూసి బూస్టర్ మానేస్తే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాల నుంచి బిడ్డకున్న రక్షణ తగ్గిపోతుంది. కార్డు తీసుకుని టీకాల రోజున వెళ్లండి. పోయినసారి ఏం జరిగిందో సిస్టర్‌కు దాచకుండా చెప్పండి. బూస్టర్ వేయించి బిడ్డను ఇంటికి తెచ్చుకోండి.