ఒప్పుకునే ముందు కొన్ని ప్రశ్నలు

చిరంజీవి అమ్మలుకు,

 

నీ ఉత్తరం అందింది. హైదరాబాదులో కొత్తగా కడుతున్న హోటల్ వాళ్లు నీ పని చూసి, గోడ పొడవునా 18 అడుగుల రామాయణం కలంకారీ కావాలన్నారట. సంతోషం. కానీ ఆ కబురు రెండు ముక్కల్లో ముగించి, మిగతా ఉత్తరమంతా "కాళహస్తిలో నాకంటే పెద్దవాళ్లు ఎంతమంది లేరు, దుపట్టాలు వేసుకునేదాన్ని, పొరపాటున అడిగారేమో" అంటూ నింపావు.

పొరపాటున అడిగారో కావాలని అడిగారో అది వాళ్ల లెక్క. నీ లెక్క వేరే ఉంది. నీ ఉత్తరంలో రెండు భయాలు కలగాపులగం అయ్యాయి. "నేను తగుదునా?" అన్నది ఒకటి. "అంత గుడ్డ ఎలా ఉతకడం?" అన్నది రెండోది. నిద్ర చెడగొట్టేది మొదటిది, పని చెడగొట్టేది రెండోది. మొదటిదానికి ఇప్పుడే జవాబు చెప్పగలిగినవాళ్లు లేరు. రెండోదానికి నువ్వే చెప్పగలవు. అందుకని రెండోదాన్నే పట్టుకో.

కరక్కాయ, గేదెపాలలో తడిపిన గుడ్డకు పాలు చాలకపోతే నల్లగీత పక్కలకు పాకుతుంది. పాలు చాలాయో లేదో నువ్వు గుడ్డ తాకి చెప్పేస్తావు. పటిక పెట్టిన గుడ్డను పారే నీళ్లలో ఉతక్కపోతే ఎరుపు పక్కకు అంటుకుంటుందనీ నీకు తెలుసు. దుపట్టా అయినా 18 అడుగుల తెర అయినా ఈ ఒడుపు ఒకటే. మారేవి వేరే. తడిసిన అంత గుడ్డ ఒక్క మనిషి వల్ల కాదు, నలుగురు పట్టుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ముసురు, ఎండ లేనిదే పని సాగదు. ఆ గోడ మీద నేరుగా ఎండ పడుతుందా? పడితే కరక్కాయ పువ్వు పసుపు తొందరగా వెలిసిపోతుంది, ఆ మాట ముందే చెప్పాలి. ఒకటే గుడ్డా, భాగాలుగా వేసి కలపవచ్చా? గడువెంత? ఇవన్నీ రాసి వాళ్లకు పంపు. ప్రశ్నలు అడిగితే చేతకాదనుకుంటారని జంకకు. పని తెలిసినవాళ్లే అలాంటివి అడుగుతారు.

ఇంకో మాట. మన మీద మనకున్న అనుమానం మొదట బయటపడేది ధరలో. అడగకుండానే తగ్గించేస్తాం, అడ్వాన్సు అడగడానికి మొహమాటపడతాం. నువ్వు అలా చెయ్యకు. గుడ్డ, రంగులు, ఉతికేవాళ్ల కూలి, నీ రోజులు విడివిడిగా రాసి లెక్క కట్టు. కలంకారీ పేరు పెట్టి అచ్చు వేసిన గుడ్డ చవగ్గా దొరుకుతుందని వాళ్లంటే, అదే కొనుక్కోమను. చేతిపనికి చేతిపని ధరే.

పెద్ద పిలుపు వచ్చిన ప్రతివాళ్లూ అన్నీ నేర్చుకునే బయల్దేరలేదమ్మా. బాపు గారు బొమ్మలు, కార్టూన్లు, పుస్తకాల ముఖచిత్రాలు వేసే మనిషి. ఏ దర్శకుడి దగ్గరా సహాయకుడిగా చెయ్యకుండానే 1967లో "సాక్షి" తీశారు. తెలియని సినిమాలోకి తెలిసిన బొమ్మను తీసుకెళ్లారు. షాట్లను ముందే కాగితం మీద గీసుకునేవారు. మన ఊరి సంగతే చూడు. కలంకారీ విద్య అడుగంటిపోతున్న రోజుల్లో, 1950ల చివర్లో, చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. గుడి తెరలు వేసే చేతులు బడిలో పాఠం చెప్పాల్సి వచ్చింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అక్కడ నేర్పారు. ఆయన కొడుకు గుర్రప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆనాడు "మాకు పాఠం చెప్పడం రాదు" అని పెద్దలు వెనక్కి తగ్గి ఉంటే నీకు కలం పట్టడం ఎవరు నేర్పేవారు?

అలాగని వచ్చిన ప్రతి పనికీ తలూపమని కాదు. గడువు చాలకపోయినా, అడ్వాన్సు ఇవ్వం అన్నా, నువ్వు గీసింది చూపించి అచ్చు గుడ్డ తగిలిస్తామన్నా వద్దని చెప్పెయ్. అది భయం కాదు, వ్యాపారం. "నేను తగను" అనే ఒక్క కారణం మీద మాత్రం కాదనకు.

ఈ వారంలోనే పట్టాభిషేకం ఘట్టం ఒక్కటి రెండడుగుల గుడ్డ మీద వేసి, ప్రశ్నలతో పాటు పంపు. దానికి ఖరీదు కూడా కట్టు. తగినదానివో కాదో పని ముగిశాక చూసేవాళ్లు చెబుతారు. నువ్వు ముందే తీర్పు చెప్పుకోకు.

మీ పెద్దమ్మ