చివరి బల్లకు చేరే వెలుగు

నల్లగొండ సమీపంలోని పానగల్లులో ఛాయాసోమేశ్వరాలయం ఉంది. కందూరు చోళుల కాలపు ఆ ఆలయంలో గర్భగుడి గోడపై ఒక స్తంభం నీడ పగలంతా కదలక నిలిచి ఉంటుంది. స్తంభాల అమరిక, లోనికి వచ్చే వెలుగు కలిసి ఆ నీడను కల్పిస్తున్నాయి. వెలుగు ఎటునుంచి వస్తుందో, ఎక్కడ పడుతుందో ఎరిగిన తరువాతనే శిల్పి రాతిని నిలిపాడు. తరగతి గదిలో పాత ప్రొజెక్టర్ స్థానంలో కొత్తదానిని ఎన్నుకొనేవారికీ మొదట కావలసింది ఆ ఎరుకే.

అయితే పాత యంత్రం నిజంగా పనికిరాకుండా పోయిందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. బొమ్మ మసకబారితే బల్బు ఆయువు తీరి ఉండవచ్చు. పాదరసపు బల్బు సాధారణంగా 3000 నుంచి 5000 గంటలు వెలుగుతుంది. పాఠం మధ్యలో యంత్రం ఆగిపోతుంటే గాలి ఫిల్టర్‌లో దుమ్ము పేరుకొని వేడి బయటకు పోవడం లేదేమో చూడాలి. పాలమూరు ఎర్రనేలల దుమ్ము, నలభై డిగ్రీలు దాటే వేసవి ఈ యంత్రాలకు పరీక్షలే. ఫిల్టర్ శుభ్రతతోనో, కొత్త బల్బుతోనో సరిపోయే చోట ప్రజాధనాన్ని వెచ్చించనక్కరలేదు. బల్బు దొరకనప్పుడు, లేదా దాని వెల కొత్త యంత్రపు వెలకు చేరువైనప్పుడు మార్పు తప్పదు.

అప్పుడు కొలవవలసింది గదిని. తెర నుంచి చివరి బల్లకు గల దూరంలో ఆరో వంతుకు బొమ్మ ఎత్తు తగ్గరాదన్నది వాడుకలో ఉన్న ఒక లెక్క. ఆ దూరం 9 మీటర్లయితే బొమ్మ ఎత్తు 1.5 మీటర్లు, వెడల్పు సుమారు 2.4 మీటర్లు, వైశాల్యం 3.6 చదరపు మీటర్లు అవుతుంది. 3600 ల్యూమెన్ల యంత్రమైతే చదరపు మీటరుకు 1000 ల్యూమెన్ల వెలుగు అందుతుంది. బొమ్మ ఎత్తును, వెడల్పును రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగింతలై, వెలుగు 250కి పడిపోతుంది. కిటికీ వెలుగు మాత్రం తగ్గదు. అక్షరాలు అందులో కరిగిపోతాయి. కాబట్టి బొమ్మ పెద్దదైనంత మాత్రాన పాఠం స్పష్టం కాదు. కిటికీకి వేసే ముదురు రంగు తెర ఎన్నో ల్యూమెన్ల పెట్టు. ప్రకటనల్లోని అంకెలను నమ్మక, ప్రామాణిక పద్ధతిలో కొలిచిన ల్యూమెన్లనే పరిగణించాలి.

లేజర్ ప్రొజెక్టర్ సుమారు 20,000 గంటలు పనిచేస్తుంది, వెల ఎక్కువ. రోజుకు 4 గంటల చొప్పున 200 పనిదినాలు వాడే కళాశాలలో ఏడాదికి 800 గంటలు. 4000 గంటల బల్బు అక్కడ ఐదేళ్లకు తీరిపోతుంది. రోజుకు గంట మాత్రమే వాడేచోట అదే బల్బు ఇరవై ఏళ్ల లెక్కకు వస్తుంది. లేజర్‌కు పెట్టే అధిక వ్యయం అక్కడ వృథా.

2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభమైన 'మన ఊరు - మన బడి' కార్యక్రమంలో డిజిటల్ సదుపాయాలూ ఒక అంశంగా ఉండేవి. నేడు బడులలో ప్రొజెక్టర్ స్థానంలో పెద్ద ప్యానెళ్లు కూడా చోటుచేసుకుంటున్నాయి. పగటి వెలుగులోనూ వాటిపై బొమ్మ స్పష్టంగా ఉంటుంది. కాని 75 అంగుళాల ప్యానెల్ ఎత్తు 0.93 మీటర్లే. పై లెక్క ప్రకారం 5.6 మీటర్ల అవతల కూర్చున్నవారికి చిన్న అక్షరాలు అందవు.

కొనేముందు మధ్యాహ్న వేళ యంత్రాన్ని గదిలోనే వెలిగించి, ఒక విద్యార్థిని చివరి బల్లపై కూర్చోబెట్టి, పాఠంలోని అతి చిన్న అక్షరాలను చదివించాలి. ముందు వరుసలోని వారికి ఏ యంత్రమైనా చాలు. వెనుక కూర్చున్న విద్యార్థి కనబడలేదని పైకి చెప్పకపోవచ్చు. క్రమంగా పాఠానికే దూరమవుతాడు. ఆ నష్టం ఏ ధరల పట్టికలోనూ కనిపించదు.

ప్రశ్నలు
1. బొమ్మ పెద్దదైతే వెలుగు ఎందుకు తగ్గుతుంది?
2. మీ తరగతి గదిని కొలిచి, తగిన బొమ్మ ఎత్తును లెక్కించండి.
3. మీ కళాశాలకు ప్రొజెక్టర్, ప్యానెల్‌లలో ఏది తగినదో కారణాలతో వివరించండి.