ఇరవై తగ్గిందా, ఇరవైకి తగ్గిందా?

తాడేపల్లిగూడెం

చి. అమ్మలుకు,

ఏలూరులో రొయ్యల ఎగుమతి కంపెనీలో అకౌంట్స్ సీటు దొరికిందని మీ నాన్న ఫోన్ చేశాడు. చాలా సంతోషం. లెక్కలు బాగానే వస్తున్నాయి గానీ, డబ్బు సంగతి ఇంగ్లీషులో రాయమంటే చెయ్యి ఆడటం లేదన్నావట. ఇక్కడి ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో బయటి రాష్ట్రాల వ్యాపారులకి ఇంగ్లీషులోనే ఉత్తరాలు రాసేవాణ్ణి. ఆ అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను.

ముందు 'బై', 'టు' అనే రెండు పొట్టి మాటల దగ్గర జాగ్రత్తపడు. వంద కౌంట్ వనామి రొయ్య, అంటే కిలోకి వంద తూగేది, కిలో 270 రూపాయలు ఉందనుకో. 'ఫెల్ బై ట్వంటీ రుపీస్' అంటే ఇరవై తగ్గి 250 అయిందని. 'ఫెల్ టు ట్వంటీ రుపీస్' అని రాశావో, కిలో ఇరవైకి పడిపోయిందని! ఆ మాట వింటే కైకలూరు రైతు చెరువు గట్టు మీదే కూలబడతాడు. మనం 'ఇరవై తగ్గింది', 'ఇరవైకి తగ్గింది' అని ఎలా తేడా చూపిస్తామో అదే ఇది. ధర పెరిగిందనో తగ్గిందనో చెప్పేటప్పుడు ఆ 'కి' ఉన్నచోట 'టు' పెట్టు, లేనిచోట 'బై' పెట్టు.

ఇక ఏ మాట పక్కన ఏ మాట కుదురుతుందో చూడు. సరుకు చీప్ కావచ్చు, కాస్ట్‌లీ కావచ్చు. ధరని మాత్రం 'లో ప్రైస్', 'హై ప్రైస్' అనాలి. మనవాళ్లు ఠక్కున 'చీప్ ప్రైస్' అనేస్తారు. పెద్ద మొత్తం 'లార్జ్ సమ్', ఒకేసారి చేతిలో పెట్టేది 'లంప్ సమ్', భారీ జరిమానా 'హెఫ్టీ ఫైన్', నామమాత్రపు రుసుము 'నామినల్ ఫీ'. బడిలో 'అవుట్‌స్టాండింగ్' అంటే మెచ్చుకోలు. నీ సీట్లో 'అవుట్‌స్టాండింగ్ అమౌంట్' అంటే ఇంకా తీరని బాకీ. అది చూసి మురిసిపోకు.

వడ్డీ దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకు రెండని మన జిల్లాల్లో అందరికీ తెలుసు. దాన్ని 'టూ రుపీస్ ఇంట్రెస్ట్' అని రాస్తే బయటివాడికి ఏమీ బోధపడదు. 'టూ పర్సెంట్ పర్ మంత్' అని రాయాలి. బ్యాంకు లెక్క ఏడాదికి కాబట్టి అక్కడ అదే 'ట్వంటీ ఫోర్ పర్సెంట్ పర్ యానమ్' అవుతుంది. అలా రాసి చూస్తే గానీ ఆ వడ్డీ ఎంత బరువో తెలియదు! కొల్లేటి పక్క చెరువుల లీజు రాసేటప్పుడూ అంతే: 'పర్ ఏకర్, పర్ ఇయర్' అని రెండు 'పర్'లూ ఉండాలి. ఒకటి వదిలేస్తే రేపు తగాదా.

అమెరికా కొనుగోలుదారుకి లక్షలూ కోట్లూ తెలియవు. పది లక్షలు ఒక మిలియన్, కోటి పది మిలియన్లు, వంద కోట్లు ఒక బిలియన్. మన లక్షన్నర 1,50,000 అయితే, వాళ్లకి 150,000. ఒకే ఉత్తరంలో రెండు పద్ధతులూ కలపకు. అంకె చెప్పినప్పుడు 'ఫైవ్ లాక్ రుపీస్' చాలు. లక్షలాది అని గుండుగుత్తగా చెప్పేటప్పుడే 'లాక్స్ ఆఫ్ రుపీస్'. నోటు పేరులో 'రుపీ' ఏకవచనమే: 'ఫైవ్ హండ్రెడ్ రుపీ నోట్'.

చెక్కు సంగతి కూడా చెప్పాలి. అంకెల్లో ఒకటి, అక్షరాల్లో మరొకటి ఉంటే అక్షరాల్లో రాసిన మొత్తమే లెక్క అని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. అయినా అలాంటి చెక్కుని బ్యాంకు తిప్పి పంపొచ్చు. చివర 'ఓన్లీ' అని రాసేది, వెనకాల ఇంకెవరూ ఏమీ చేర్చకుండా. మాటల మధ్య ఖాళీ కూడా వదలకు.

ఈ వారం మీ ఆఫీసుకి వచ్చే ఇంగ్లీషు ఉత్తరాల్లో డబ్బు మాటలు ఏవి దేనితో జతపడుతున్నాయో ఓ నోటుబుక్కులో రాసుకో. ఆదివారం ఫోన్ చేసి చదివి వినిపించు. కంపెనీ అంకెలు నాకు చెప్పొద్దు, మాటలు చాలు.

మీ పెదనాన్న